చిరునామా లేనివారికి చికిత్స చేరేదెలా?

మనసు చెదిరిన మనిషికి మన దేశంలో నేడు ఐదంకెల దూరంలో సహాయం ఉంది. ఆ ఐదంకెలు 14416. 2022 అక్టోబరు 10న, అంటే ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, కేంద్ర ప్రభుత్వం ‘టెలీ మానస్’ పేరుతో ఈ సేవను ఆరంభించింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ దీనికి మూలస్థానం. పగలు, రాత్రి అన్న భేదం లేదు. రుసుము లేదు. తెలుగుతో సహా ఇరవై భాషలలో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమని తోచితే మనోవైద్యునికి అప్పగిస్తారు. 2024 అక్టోబరు నాటికి ఈ సేవకు 14 లక్షలకు పైగా ఫోన్లు వచ్చాయి. ఆ నెలలోనే దీనికొక యాప్‌ను కూడా తెచ్చి, వైద్యుడు రోగి ముఖం చూస్తూ మాట్లాడే వీడియో సదుపాయాన్ని తొలుత కర్ణాటక, తమిళనాడు, జమ్మూ కాశ్మీరులలో మొదలుపెట్టారు.

ఇది సంతోషించదగిన పనే. ఈ శీర్షికలో మేము పలుమార్లు ఈ నంబరును పాఠకులకు గుర్తు చేశాము. ఎందరో గృహిణులు, విద్యార్థులు దానివల్ల మేలు పొందామని వ్రాశారు. అయితే ఆ ఉత్తరాలన్నీ ఇల్లున్నవారి నుండి వచ్చినవే. తలుపు వేసుకొని మాట్లాడేందుకు గది, ఛార్జింగు పెట్టుకునేందుకు గోడకు ప్లగ్గు, నెల కాగానే రీఛార్జి చేయించే కొడుకో భర్తో ఉన్నవారు వారు. వీటిలో ఏదీ లేని మనిషికి ఆ ఐదంకెలు గోడమీది వ్రాతతో సమానం.

అటువంటివారు కొద్దిమంది కారు. 2011 జనగణన ప్రకారం దేశంలో 17 లక్షల 73 వేల మంది నిరాశ్రయులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య సుమారు 1 లక్షా 45 వేలు. ఒకే రాత్రి చేసే లెక్కకు వంతెనల క్రింద, బస్టాండు వెనుక, మూసిన దుకాణాల అరుగులమీద పడుకున్న ప్రతి ఒక్కరూ చిక్కరు గనుక అసలు సంఖ్య ఇంతకంటె ఎక్కువేనని ఈ రంగంలో పనిచేసేవారి అభిప్రాయం. మా అభిప్రాయమూ అదే.

ఇల్లు లేకపోవడానికీ మనసు చెదరడానికీ గల సంబంధం ఒక వైపు నుండి మాత్రమే నడిచేది కాదు. జబ్బు మొదట వచ్చి, భ్రమలతో ఇల్లు విడిచి, రైలెక్కి ఏదో ఊరిలో దిగినవారు కొందరు. వారికి తమ ఊరి పేరు గుర్తున్నా చెప్పే స్థితి ఉండదు. ఇల్లు మొదట పోయి, ఆ తరువాత మనసు కుంగినవారు మరికొందరు: భర్త వెళ్లగొట్టిన స్త్రీ, కొడుకులు పంచుకోగా మిగిలిపోయిన తండ్రి, అప్పులకు భయపడి ఊరు దాటిన కూలీ. కాలిబాటమీద నిద్ర ఎన్నడూ పూర్తిగా పట్టదు. చెప్పులు పోతాయేమో, పోలీసు లేపుతాడేమో, ఎవరైనా మీద పడతారేమో అని సగం మెలకువతో పడుకోవలసిందే. అటువంటి రాత్రులు నెలల తరబడి సాగితే బలమైన మనసు కూడా సడలుతుంది. ఆపై నిద్ర కోసం మద్యం, మద్యం వల్ల కొత్త జబ్బు. ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం అప్పుడు వైద్యునికి కూడా కష్టమే.

వీరి దగ్గర ఫోను అసలే ఉండదని అనుకోవడం పొరపాటు. పనికి వెళ్లే నిరాశ్రయులలో అనేకుల దగ్గర చిన్న ఫోను ఉంటుంది. నిలవదు, అంతే. రాత్రి తల క్రింద పెట్టుకున్నది తెల్లవారేసరికి మాయమవుతుంది. వాన కురిస్తే తడుస్తుంది. ఛార్జింగుకు టీ దుకాణంలో ఇస్తే పది రూపాయలు. కొన్ని చోట్ల అది కూడా తెలిసిన మొహానికే. కొత్త సిమ్ము కొనాలంటే గుర్తింపు కార్డు కావాలి. కార్డు సంచితో పాటు ఎప్పుడో పోయింది. కాగా నంబరు మారిన ప్రతిసారీ చికిత్స తెగిపోతుంది. సలహాదారు వచ్చే మంగళవారం తిరిగి మాట్లాడదామని చెప్పి ఉంటారు. మంగళవారం నాటికి ఆ నంబరు మరొకరి చేతిలో ఉంటుంది, లేదా ఎవరి చేతిలోనూ ఉండదు.

కనుక ఫోను ఇచ్చేస్తే సరిపోతుందా? అమెరికాలో మాజీ సైనికుల శాఖ 2016 నుండి వైద్యులతో వీడియోలో మాట్లాడేందుకు పలక ఫోన్లను, ఇంటర్నెట్ కనెక్షనుతో సహా, అవసరమైన మాజీ సైనికులకు ఎరువిస్తున్నది. ఇళ్లు లేనివారు కూడా ఆ లబ్ధిదారులలో ఉన్నారు. అది ధనిక దేశపు ఏర్పాటు. పైగా ఆ మనిషి ఎవరో, ఏ సేవ చేశాడో, ఎంత పింఛను వస్తుందో ఆ శాఖ దగ్గర సమస్తం వ్రాసి ఉంటుంది. మన వంతెన క్రింది మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అతనికి వస్తువుకంటె ముందు కావలసినది, ఆ వస్తువును పట్టుకొని ప్రక్కన కూర్చునే తెలిసిన మనిషి. ఈ నెల మేము చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

మా మదరసాకు దగ్గరలో ఉన్న మస్జిద్‌లో జరిగిన ఒక సంగతి. ముప్పై ఏళ్ల లోపు యువకుడొకడు కొన్ని నెలలుగా వజూఖానా ప్రక్క గోడ వారగా పడుకునేవాడు. తనలో తాను మాట్లాడుకునేవాడు, ఒక్కొక్కసారి ఎవరినో చూసి చేతులు అడ్డం పెట్టుకునేవాడు. ఏ భాషో ఎవరికీ తెలియలేదు. ఒకనాడు భవన నిర్మాణ పనికి వచ్చిన కూలీ విని, అది ఒడియా అని చెప్పాడు. మంచి ఉద్దేశం గల యువకులు కొందరు ఇషా నమాజు తరువాత 14416కు ఫోను చేసి, స్పీకరు పెట్టి, ప్రాంగణం మధ్యలో అతని ముందు ఉంచారు. చుట్టూ పదిమంది నిలబడ్డారు. ఒకరు వేరే ఫోనుతో చిత్రీకరిస్తున్నారు. కనబడని మనిషి గొంతు పెట్టెలో నుండి వినబడగానే అతడు చెవులు మూసుకొని లేచి వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు.

ఎవరూ లేని చోట గొంతులు వినబడే జబ్బు గలవానికి మరొక కనబడని గొంతు ఎంత భయం కలిగిస్తుందో ఆ యువకులకు తోచలేదు. అతడు తిరిగి వచ్చాక మౌజన్ సాహెబ్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన చదువు స్వల్పం, వయసు పెద్దది. కాని ఫజ్ర్ తరువాత రోజూ ఆ అబ్బాయికి టీ ఇస్తున్నది ఆయనే. వారం రోజులు ఫోను ఊసెత్తలేదు. ఆ తరువాత తన గదిలో కూర్చోబెట్టి, ఫోను చూపించి, “నీ భాషలో మాట్లాడే డాక్టరు మనిషి ఉన్నాడు, మాట్లాడతావా బేటా?” అని సైగలతో అడిగారు. అబ్బాయి తల ఊపాడు. ఒడియా ఎంచుకొని, ఫోను అతని చేతికిచ్చి, ఆయన గుమ్మం బయట కూర్చున్నారు. మొదటి రోజు నాలుగైదు నిమిషాలు. మరుసటి వారం మరికొంత ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించమని అవతలివారు మౌజన్ సాహెబ్‌కు చెప్పారు, తీసుకువెళ్లారు. ఆ అబ్బాయి పూర్తిగా బాగుపడ్డాడని మేము వ్రాయలేము. రాత్రి నిద్రపోతున్నాడు, తన ఊరి పేరు చెప్పాడు. ఇప్పటికి అంతవరకు.

రెండు ప్రయత్నాలకూ నంబరు ఒకటే, అవతలి సేవ ఒకటే. తేడా అంతా ఇవతల ఉంది.

నిజానికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ప్రభుత్వపు ‘ఈ-సంజీవని’ 2019లో మొదలైనది. అందులో ఒక విధానం ప్రకారం రోగి తన ఇంటి నుండి ఫోను చేయనక్కరలేదు. దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడి సిబ్బంది అతన్ని కూర్చోబెట్టి, రక్తపోటు చూసి, పెద్ద ఆసుపత్రిలోని వైద్యునితో తెరమీద కలుపుతారు. వైద్యుడు చెప్పినది రోగికి అర్థమయ్యేలా చెప్పి, మందు చేతికిస్తారు. నిరాశ్రయులకు తగినది సరిగా ఇటువంటిదే. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. నగరాలలో నిరాశ్రయుల వసతి గృహాలున్నాయి. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవై నాలుగు గంటలూ తెరచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బస్తీ దవాఖానాలో వారానికి ఒక పూట, వసతి గృహంలో ఒక సాయంత్రం, ఒక చిన్న గది, ఒక కుర్చీ, గోడకు కట్టిన ఫోను, ప్రతివారం అదే మనిషి: ఇంతవరకు ఏర్పాటు చేయగలిగితే చాలా దూరం వెళ్లినట్లే.

‘అదే మనిషి’ అన్న మాటను మేము కావాలని నొక్కి చెబుతున్నాము. సేవాసంస్థల వారు వారానికొక కొత్త స్వచ్ఛంద సేవకుని పంపుతారు. ప్రతి కొత్తవానికీ రోగి మొదటి నుండి తన కథ చెప్పుకోవాలి. తల్లి మరణమో, తనపై జరిగిన అత్యాచారమో ప్రతివారం ఒక అపరిచితునికి విప్పి చెప్పడం ఎవరికి ఇష్టం? మూడోసారికి అతడు రావడం మానేస్తాడు. సహకరించలేదని అతనిమీదే వ్రాసుకుంటారు.

ఫోనులో జరిగే వైద్యానికి హద్దులున్నాయన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. దుఃఖం, ఆందోళన, నిద్రలేమి, మద్యం మానాలన్న తపన, ఇవి మాటతో చాలావరకు దారికి వస్తాయి. తీవ్రమైన భ్రమలు, తనను తాను మరచిన స్థితి, అన్నం మానివేయడం, ఇవి మొదటిసారి ముఖాముఖి చూడవలసినవే. తికమకగా మాట్లాడే మనిషికి ఉన్నది మనోవ్యాధి కాక జ్వరమో, తలకు తగిలిన దెబ్బో, చక్కెర పడిపోవడమో, హఠాత్తుగా మద్యం మానడం వల్ల కలిగే సన్నిపాతమో కావచ్చు. వాటిని ఫోనులో నిర్ధారించడం సాధ్యం కాదు. కొన్ని మందులకు తరచు రక్తపరీక్ష తప్పనిసరి, లిథియం అటువంటిదే. కనుక మొదటి దర్శనం ఆసుపత్రిలో, తదుపరి పరామర్శ ఫోనులో అన్న క్రమం మంచిది. ప్రతి పదిహేను రోజులకూ రెండు బస్సులు మారి, పొడవాటి వరుసలో నిలబడి, ఆ రోజు కూలీ పోగొట్టుకొనే బాధ దానివల్ల తప్పుతుంది.

మందుల విషయంలో ఇళ్లలో ఉన్న మనకు తట్టని ఒక చిక్కు ఉంది. మనోవ్యాధి మందులలో అనేకం మగత కలిగిస్తాయి. మంచం మీద పడుకునేవారికి ఆ మగత వరం. బస్టాండు బల్లమీద పడుకునే స్త్రీకి అది ప్రాణగండం. మాత్ర వేసుకుంటే ఎవరు దగ్గరకు వచ్చారో తెలియనంత నిద్ర పడుతుంది. అందువల్ల ఆమె మాత్రలను నీళ్లలో పారవేస్తుంది. ఆమె మొండిది కాదు, తన రక్షణ చూసుకుంటున్నది. వైద్యుడు ఇరవై మైళ్ల దూరంలో తెరమీద ఉన్నప్పుడు, “అమ్మా, రాత్రి ఎక్కడ పడుకుంటావు?” అన్న ప్రశ్న అడగకపోతే ఆ వైద్యమంతా వ్యర్థం. అడిగితే, మందు మార్చవచ్చు, వేళ మార్చవచ్చు, ముందుగా ఆమెకు స్త్రీల వసతి గృహంలో చోటు చూడవచ్చు. రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి ఇచ్చే సూదిమందులు కూడా కొన్ని జబ్బులకు ఉన్నాయి. మాత్రలు దాచుకునేందుకు చోటు లేనివారికి, వాన తడిసి పొట్లం కరిగిపోయేవారికి అవి ఎంతో మేలు. కాని సూది వేసేందుకు చేయి కావాలి, ఫోను వేయలేదు. ఇక్కడ మళ్లీ బస్తీ దవాఖానా నర్సే దిక్కు.

దూరవైద్యం తన విలువను నిజంగా నిరూపించుకునేది భాష దగ్గర, తిరిగి ఇల్లు చేరిన తరువాత.

దారి తప్పి తిరిగేవారిలో చాలామంది పరరాష్ట్రీయులు. బెంగాలీ, భోజ్‌పురి, ఒడియా తప్ప మరొకటి రానివారిని తెలుగు వైద్యుడు ఎంత దయగలవాడైనా ఏమడుగుతాడు? అలాగే తమిళనాడులో, మహారాష్ట్రలో దొరికిన మన తెలుగువారిని అక్కడి వైద్యుడు ఏమడుగుతాడు? ఇరవై భాషల సేవ ఒక్క ఫోనులో ఉండటం వీరికే అందరికంటె ఎక్కువ అక్కరకు వస్తుంది. ఇక రెండవది. మహారాష్ట్రలో డాక్టర్ భరత్ వట్వానీ దంపతులు స్థాపించిన శ్రద్ధా పునరావాస సంస్థ 1988 నుండి వీధులలో తిరిగే మానసిక రోగులను చేరదీసి, చికిత్స చేసి, స్వగ్రామాలకు చేరుస్తున్నది. ఆయనకు 2018లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇల్లు చేర్చడంతో కథ ముగియదు. ఆ పల్లెకు మనోవైద్యుడు యాభై మైళ్ల దూరంలో ఉంటాడు. మూడు నెలల మాత్రలు అయిపోతాయి. జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ రైలు. ఆ మూడు నెలల చివర ఒక ఫోను, ఆ కుటుంబానికి తెలిసిన గొంతుతో వస్తే, మనిషి ఇంట్లో నిలుస్తాడు. తప్పిపోయిన వ్యక్తిని వెతకడంకంటె తిరిగి తప్పిపోకుండా చూడటం సులువు, చౌక కూడా.

చట్టం ఈ విషయంలో మనం అనుకునేదానికంటె ముందున్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోకి వచ్చింది. నిరాశ్రయులకు, దిక్కులేనివారికి ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యశాలలన్నిటిలో ఉచితంగా చికిత్స పొందే హక్కు ఉందని దాని 18వ సెక్షను చెబుతున్నది. తెల్లకార్డు ఉందా అని అడిగే పని లేదు. 100వ సెక్షను ప్రకారం, దిక్కులేక తిరిగే మానసిక రోగిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోగా దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు తీసుకువెళ్లాలి. లాకప్పులోనో జైలులోనో పెట్టరాదు. తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి అతని కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషను అధికారిదే. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షను పూర్తిగా నిషేధించింది. చికిత్సలో ఉన్నవారి ఛాయాచిత్రాన్ని వారి అంగీకారం లేకుండా వార్తా మాధ్యమాలకు ఇవ్వరాదని 24వ సెక్షను. మా మస్జిద్ ప్రాంగణంలో ఫోను ఎత్తి చిత్రీకరించిన సోదరునికి ఈ సెక్షను నేరుగా వర్తించకపోయినా, దాని భావం వర్తిస్తుంది.

అంగీకారం గురించి మరొక మాట. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య నియమావళి ప్రకారం, రోగి తానే ఫోను చేస్తే ఆ చర్యే అతని అంగీకారం. ప్రక్కనున్న సంరక్షకుడో ఆరోగ్య కార్యకర్తో ఫోను చేయించినపుడు రోగి అంగీకారాన్ని స్పష్టంగా తీసుకోవాలి. వీధిలోని మనిషి తరఫున ఎప్పుడూ మనమే ఫోను చేస్తాము గనుక ఈ నియమం మనకోసమే వ్రాసినట్లుంది. అతడు వద్దంటే ఆ పూటకు ఆగాలి. ప్రాణానికి ముప్పు లేనంతవరకు ఆగడంలో నష్టం లేదు. మౌజన్ సాహెబ్ వారం రోజులు ఆగారు కదా.

“మౌలానా, అది జబ్బు కాదు, అసర్” అని మాతో వాదించే పెద్దలున్నారు. వారితో మేము జిన్నాతుల ఉనికిపై చర్చకు దిగము. అది ఈ పుట పని కాదు. వారికి రెండు దర్గాల సంగతి మాత్రం చెబుతాము. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ మానసిక రోగులను ఉంచే ప్రైవేటు గృహాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక గృహానికి నిప్పంటుకున్నది. లోపలివారు గొలుసులతో కట్టి ఉన్నారు. 28 మంది ప్రాణాలు పోయాయి. వారిని అక్కడ విడిచి వెళ్లిన కుటుంబాలన్నీ క్రూరమైనవని మేము అనము. వారికి తెలిసిన దారి అదొక్కటే. గుజరాత్‌లోని ఉనావాలో హజ్రత్ సయ్యద్ అలీ మీరా దాతార్ దర్గా మరొక విధంగా నడిచింది. అక్కడ 2008 నుండి ‘దవా, దువా’ పేరుతో ఒక కార్యక్రమం సాగింది. దువా కోసం వచ్చినవారిని ముజావర్లే దర్గా ఆవరణలోని వైద్యుని దగ్గరకు పంపడం నేర్చుకున్నారు. దువా ఆపమని ఎవరూ వారితో అనలేదు. వచ్చినవారు నమ్మేది ముజావరును. ఆయన పంపితే వైద్యుని దగ్గరకు వెళతారు. ప్రభుత్వ ప్రకటన చూసి వెళ్లరు. మన ఇమాములు, మౌజన్లు, దర్గా ఖాదింలు, అలాగే గుడి ముందు పూలమ్మే అవ్వ, గురుద్వారా లంగరులో వడ్డించేవారు, చర్చి కాపరి, వీరందరి చేతిలోని ఫోను ఆరోగ్యశాఖ వాహనంకంటె ముందు రోగిని చేరుతుంది.

మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. దాని ఖర్చంతా వక్ఫ్ ఆస్తులు భరించేవి. నేటి ముతవల్లీలు ఆసుపత్రి కట్టనక్కరలేదు. ఒక ఫోను, నెలవారీ రీఛార్జి, ఛార్జింగు పలక, తాళమున్న చిన్న అల్మారా, అందులో పేర్లు వ్రాసిన మందుల పొట్లాలు. మస్జిద్ విద్యుత్తు బిల్లులో కలిసిపోయే ఖర్చు ఇది. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా అని అడిగేవారికి: జకాత్ హక్కుదారుని స్వాధీనం చేయవలసినది గనుక మందులు, బట్టలు అతని చేతికి ఇచ్చేందుకు దానిని వాడండి, మస్జిద్ ఫోనుకు, అల్మారాకు సదఖా సొమ్ము వాడండి. ఇంకా వివరం కావలసినవారు తమ ముఫ్తీని సంప్రదించగలరు.

ఈ ఫోను ఇంటికి బదులు అని ఎవరూ భ్రమపడరాదు. చెన్నైలో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ ప్రారంభించిన ‘బనియన్’ సంస్థ వీధిలోని మానసిక రోగులైన స్త్రీలకు చికిత్స చేస్తూ, ఏళ్ల తరువాత మరొక అడుగు వేసింది. తిరిగి వెళ్లేందుకు కుటుంబం లేనివారికి మామూలు వీధులలో ఇళ్లు అద్దెకు తీసి, నలుగురైదుగురిని ఒక కుటుంబంగా ఉంచింది. వారు వండుకుంటారు, సరుకులు తెచ్చుకుంటారు, పొరుగువారితో తగవులాడతారు కూడా. సహాయకురాలు ప్రక్కన ఉంటుంది. ‘హోమ్ ఎగైన్’ అని దాని పేరు. తలుపున్న గది దొరికితే సగం మందు తగ్గుతుందని వైద్యశాస్త్రం చెప్పదు గాని, మందు పనిచేసేందుకు ఆ తలుపు ఎంత అవసరమో పైన చెప్పిన మాత్ర సంగతే చెబుతున్నది. పురపాలక సంఘాలు ఒక నంబరును గోడకు అతికించి తమ పని అయిందని అనుకుంటే, అడగవలసినది మనం.

చివరగా, ఆగడానికి వీలులేని సందర్భం. చనిపోతానని చెప్పినా, చేతిలో బ్లేడో తాడో కనబడినా, పట్టాల వైపు నడుస్తున్నా, సలహాదారుని కోసం వేచి ఉండకండి. 112కు ఫోను చేయండి. వాహనం వచ్చేవరకు ఒకరు అతని దగ్గరే ఉండండి, నీళ్లివ్వండి, తక్కినవారిని దూరంగా పంపండి. అత్యవసర స్థితిలో మనోవైద్యుడు లేకపోయినా రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు చికిత్స చేసేందుకు చట్టంలో వీలుంది. దగ్గరి ఆసుపత్రివారు ఇక్కడ మనోవైద్యుడు లేడని త్రిప్పి పంపబోతే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి. పేరు నమోదు చేసే గుమాస్తా చిరునామా అడిగినపుడు ఆ గడిని ఖాళీగా విడువనీయకండి. మస్జిద్ చిరునామా వ్రాయించండి. ఫోను నంబరు దగ్గర మౌజన్ సాహెబ్ నంబరు వ్రాయించండి. తిరిగి రావలసిన తేదీకి ఒకరోజు ముందు వాళ్లు ఫోను చేస్తే, అది మోగవలసిన చోట మోగుతుంది.